ఆమె క్షమించిన మనిషి

పామిడిలో అత్తరు కలీముల్లా అంటే తెలియనివాళ్లు తక్కువ. ఆయన నా భర్త, నా పేరు మాబీ. పోయిన ఎండాకాలంలో చనిపోయాడు.

ఇప్పుడు ఫోన్లో ఆయన పేరు కొడితే ఒకటే వీడియో వస్తుంది. అందులో ఆయన ఒక సినిమా హీరోయిన్ చేయి పట్టుకుని ఉంటాడు. అంతే. ఆయన ఎట్లా బతికాడో, ఆ చేయి ఎందుకు పట్టుకున్నాడో అందులో లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ హీరోయిన్ పేరు మా ఇంట్లో పలకడం మానేశాం. ఇక్కడ కూడా ఆమె అనే రాస్తాను.

మావాళ్లు దూదేకులవాళ్లు. నమాజు చదువుతాం, ఇంట్లో మాత్రం మాట తెలుగే. మా మామ ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. మిషన్లు వచ్చాక ఆ పని పడిపోయింది. మా ఆయన పెళ్లికి ముందే గుంతకల్లులో ఒక ఉస్తాదు దగ్గర చేరి అత్తరు అమ్మడం నేర్చుకున్నాడు. ఒక చెక్కపెట్టె, లోపల గళ్లు, గళ్లలో గాజు సీసాలు. శుక్రవారం మసీదు ముందర, ఉరుసుల్లో, జాతర్లలో, గూగూడు పీర్ల పండగలో ఆ పెట్టె తెరుచుకుని కూర్చునేవాడు. ఫలానా మతంవాళ్లు అని లేదు, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లంతా ఒక చిన్న సీసా పట్టుకుపోయేవాళ్లు.

అత్తరు అమ్మేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. పెట్టె మీదికి ఎవరైనా చేయి చాపితే వాళ్లను ఏమీ అడగరు. ఆ చేయి పట్టుకుని, వెనక్కి తిప్పి, మణికట్టు దగ్గర గాజుపుల్లతో చిన్న గీత గీసి, వేలితో రుద్దుతారు. చర్మం వేడికి వాసన లేస్తుంది. రుద్దకుండా వదిలేస్తే లేవదు. గాజులు తొడిగేవాడు ఆడవాళ్ల చేయి పట్టుకుంటే మా వైపు ఎవరూ తప్పుపట్టరు. అత్తరు పూసేవాడి చేయి కూడా అట్లాంటిదే.

ఒకసారి జాతరలో ఎస్సీ కాలనీ కుర్రవాడు ఒకడు చేయి చాపితే ఆయన అత్తరు రుద్దుతున్నాడు. పక్కన పెద్ద రైతు ఒకాయన నిలబడి చూస్తున్నాడు.

"ఏమప్పా కలీమూ, వాని చెయ్యి పట్టుకున్న చేత్తోనే మళ్ల నా చెయ్యి పట్టుకుంటావా?" అన్నాడు.

"అట్లయితే నువ్వే ముందుకు రా రెడ్డీ. నీది పట్టుకున్నాక వానిది పట్టుకుంటా. వానికేం ఇబ్బంది లేదంట."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రైతు కూడా నవ్వక తప్పలేదు. చేయి చాపాడు. మా ఆయన ఇట్లాంటి మాటలు నవ్వుతూనే అనేవాడు. గొడవపడడం ఆయనకు రాదు. అది రాకపోవడమే తర్వాత నష్టం చేసిందేమో అనిపిస్తుంది నాకు.

మట్టి అత్తరు అని ఒకటి ఉంటుంది. ఎండిన నేల మీద తొలి చినుకు పడితే వచ్చే వాసన. అది మాత్రం మా వైపు ఒక్కరూ కొనేవాళ్లు కాదు. మా పక్కింటి లింగప్ప సెనక్కాయ పండించే రైతు. ఆ సీసా చూసినప్పుడల్లా ఒకటే పాట పాడేవాడు.

"వాన వాసనకు దుడ్లిచ్చేదేంది కలీమన్నా? వాననే రమ్మని సెప్పు, అప్పుడు కొంటా."

"వానొస్తే నా కాడికి యాల వస్తావ్ లింగప్పా, సేనుకు పోతావ్."

మాకు ఒకతే బిడ్డ, ఇర్ఫానా. పామిడి బజారు కొట్లకు ఇంట్లోనే నైటీలు కుడుతుంది. రంగు వాళ్ల నాయనదే. చిన్నప్పటి నుంచి దాన్ని కర్రిదనే పిలిచారు, మా వాళ్లే. తెల్లబడే క్రీములు పూసి పూసి మొహమంతా గుల్లలు లేపుకుంది ఒకసారి. ఆ రోజుల్లోనే ఫోన్లో ఆమె మాట్లాడిన ఒక ఇంటర్వ్యూ చూసింది. చిన్నప్పుడు తననూ నల్లపిల్ల అని ఏడిపించేవాళ్లట. తెల్లబడే క్రీము ప్రకటనకు ఎంత ఇస్తామన్నా ఒప్పుకోలేదట. రంగు చూసి మనిషిని తక్కువ చేసేవాళ్లంటే తనకు అసహ్యమని, మనుషులంతా సమానమని చెప్పింది. ఇర్ఫానా ఆ మాటలు నాకూ వాళ్ల నాయనకూ ఎన్నిసార్లు వినిపించిందో. క్రీము డబ్బా తీసుకుపోయి పెంటలో పారేసింది.

"మనం ఇన్నేండ్లు సెప్పినాం, ఇనలేదు. ఆ యమ్మ ఒక్క మాటతో మాన్పించింది సూడు" అని మా ఆయన సంబరపడ్డాడు. సినిమాలు చూసేవాడు కాదు. ఆమె ఫోటో మాత్రం గుర్తుపట్టేవాడు.

అందుకే మార్కండేయ వచ్చి ఆమె పేరు చెప్పేసరికి ఇంట్లో పండగ అయిపోయింది. మార్కండేయది అనంతపురం. సినిమావాళ్లు ఈ పక్కకు వస్తే మనుషుల్నీ, బండ్లనూ, ఎడ్లనూ కుదిర్చిపెట్టేది అతనే.

"కలీమన్నా, సెంటు యాడ్ తీస్తాండారు. తొలకరి వాన వాసనంట ఆ సెంటు. దానికి కరువు నేల గావల్లంట. దాని మీద వాన పడల్లంట. ఒక సంత సీనుండాది, నువ్వు నీ పెట్టె పెట్టుకోని ఊరికే కూసుంటే సాలు."

"వాన యాడ్నుంచి వస్తాదప్పా?"

"ట్యాంకర్లతో."

లింగప్ప అక్కడే ఉన్నాడు. "ట్యాంకర్లా! మా సేన్లో తీయమని సెప్పు సామీ, నీకు పుణ్యముంటాది. కావల్లంటే నేను గూడా ఆ సెంటే పూసుకుంటా" అన్నాడు. అందరం నవ్వాం. ఆ సంవత్సరం శ్రావణం వెళ్లిపోతున్నా చినుకు లేదు. సెనక్కాయ చేలు జానెడు లేచి వాడిపోయి ఉన్నాయి.

ఇర్ఫానాకు ఆ రోజు కుట్టాల్సిన నైటీలు ఉండి రాలేకపోయింది. "నాయనా, వీలయితే నా గురించి సెప్పు ఆ యమ్మకు" అంది. "నీ మాట ఇని క్రీము పారేసిన పిల్ల ఒకతుండాదని సెప్పు."

"నన్ను మాట్లాడనిస్తారా పాపా? ఇస్తే సెప్తా."

సంతలో తిరగడానికి ఆడవాళ్లు కూడా కావాలంటే నేనూ, మా వీధి గంగక్కా పోయాం. పెన్న ఒడ్డున బీడు నేలలో గుడారాలు వేశారు. మమ్మల్నందర్నీ వరసలో నిలబెట్టాక ఒక పిల్లవాడు వచ్చి, "కొంచెం తెల్లగా ఉన్నవాళ్లు ముందుకు రండి, మిగతావాళ్లు వెనక్కి" అన్నాడు.

"ఎండలో కలుపు తీసేటోళ్లం నాయనా, మాలో తెల్లోళ్లు యాడుంటారు?" అని గంగక్క గట్టిగానే అడిగింది. "మీకు తెల్లోళ్లు గావల్లంటే తెల్లోళ్లూరికి పోవల్సింది." గంగక్కను వెనక్కి పంపారు. నేనూ వెనక్కే పోయాను. రంగు చూడడం అసహ్యమన్న మనిషి యాడ్‌లో ఇదేంటని అప్పుడు నాకు తట్టలేదు. ఆమె గుడారంలో ఉంది, ఆమెకు తెలియదులే అనుకున్నాను.

ట్యాంకర్ల నీళ్లను పైపులతో పైకి కొట్టారు. నేల తడిసింది. చూడడానికి వచ్చిన ఆడవాళ్లు గుంతల్లో నిలిచిన నీళ్లు బిందెల్లోకి తోడుకుంటుంటే తరిమేశారు. సీను అయ్యాక ఆమెను గొడుగు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. మా ఆయన పెట్టె అక్కడికి రెండు బారల దూరంలో ఉంది. నేనూ, గంగక్కా ఆయన వెనకే నిలబడి ఉన్నాం. ఇది నా కళ్లతో చూసింది.

ఆమె లేచి పెట్టె దగ్గరికి వచ్చింది. వంగి సీసాలు చూసింది. పక్కనున్న అమ్మాయిని ఇంగ్లీషులో ఏదో అడిగి, ఒక సీసాను చూపిస్తూ పెట్టె మీదికి చేయి చాపింది. చూపించడానికే చాపింది. ఆ సంగతి ఇప్పుడు నాకు తెలుసు. మా ఆయనకు మాత్రం పెట్టె మీదికి చాపిన చేయికి అర్థం ఒకటే. ముప్పై ఏళ్లకు పైగా అదే పని చేశాడు. ఆమె చూపించింది మట్టి అత్తరు సీసా. ఒక్కరూ అడగని ఆ సీసాను ఇంత గొప్ప మనిషి అడిగిందని మొహం వెలిగిపోయింది ఆయనకు. చేయి పట్టుకున్నాడు, తిప్పాడు, గీత గీశాడు, రుద్దాడు.

"ఇదమ్మా అసలు తొలకరి వాసన. మా పాప నీ మాట ఇని..."

అంతవరకే అన్నాడు. ఆమె కేక వేసి చేయి లాక్కుంది. సీసా కిందపడి పగిలింది. ఒక లావుపాటి మనిషి వచ్చి మా ఆయన రొమ్ము మీద చేయి వేసి తోశాడు. ఇద్దరు అమ్మాయిలు తడి కాగితాలు తెచ్చి ఆమె చేయి తుడిచారు, మళ్లీ మళ్లీ తుడిచారు.

"చెయ్యి చాపిందప్పా! ఆ యమ్మే చాపింది" అంటూనే ఉన్నాడు కిందపడిన మనిషి. నేనూ చెప్పాను. మా మాట వినేవాళ్లు ఎవరు? మార్కండేయ ఆయన్ను లేపి, "నడువన్నా, నడువు. ఇంటికి పో ముందు" అని ఆటో ఎక్కించాడు.

తెలియని మగవాడు చేయి పట్టుకుంటే ఆడపిల్ల ఉలిక్కిపడుతుంది. దానికి నేను ఆమెను తప్పుపట్టడం లేదు. నాకూ బిడ్డ ఉంది.

మరుసటి రోజుకే వీడియో ఫోన్లలోకి వచ్చింది. ఆయన చేయి పట్టుకున్న దగ్గర మొదలవుతుంది, తోసిన దగ్గర ఆగిపోతుంది. ఆమె వంగడం, చాపడం లేవు. దాని కింద ఆమె అభిమానులు రాసినవి ఇర్ఫానా మాకు చెప్పకుండా దాచింది. ఆయన వదల్లేదు.

"సదువు పాపా."

"వద్దు నాయనా."

"సదువు. బయట నన్ను సూసి యాల నవ్వుతాండారో నాకు తెలియల్ల."

అది చదివింది. కాకి చేయి అన్నారు. ఈ రంగుకు ఆ చేయి కావాల్సి వచ్చిందా అన్నారు. పేరును, గడ్డాన్ని పట్టుకుని ఇంకా ఏవేవో అన్నారు, అవి నేను రాయను. నల్లగా ఉండే పిల్లలను వెనకేసుకొచ్చిన మనిషికి అభిమానులు కదా వాళ్లంతా. ఇర్ఫానా చదువుతూ చదువుతూ మధ్యలో ఆపి తన చేతులు చూసుకుంది.

స్టేషనుకు పిలిచారు. ఆమె ఫిర్యాదేమీ ఇవ్వలేదని ఎస్సై పంపించేశాడు. అక్కడ ఎవరూ ఆయన్ను కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఇంటికొచ్చి రెండు పూటలు మంచం దిగలేదు. తర్వాత ఒక మాట పట్టుకున్నాడు.

"ఆ యమ్మ ఒక్క మాట సెప్తే సాలు మాబీ. చెయ్యి నేనే చాపినా, ఆయప్ప అత్తరు పూసినాడు, అంతే అని. ఆ ఒక్కటి అంటే ఈ ఊర్లో నేను మళ్ల తలెత్తుకుంటా."

ఇర్ఫానా ఆమె ఫోటోల కింద అదే రాసింది. మా నాయన అట్లాంటివాడు కాదక్కా, ఒక్క మాట చెప్పండక్కా అని రోజూ రాసింది. ఒకరోజు ఫోన్లో ఆమె పేజీ తెరుచుకోలేదు. మార్కండేయను అడిగితే, మీ పాపను వాళ్లే బ్లాక్ చేసి ఉంటారు అన్నాడు. అయితే అతనే ఒక దారి కూడా చెప్పాడు. ఆమె ఒక బట్టల షాపు ఓపెనింగుకు అనంతపురం వస్తోందని, ఆమె మేనేజరును కలిపిస్తానని అన్నాడు.

ఆయనా, నేనూ, ఇర్ఫానా, తోడుగా లింగప్పా పోయాం. రోడ్డంతా జనం. గోడల మీద, చెట్ల మీద పిల్లలు. షాపు వెనక సందులో మేనేజరు రెండు నిమిషాలు నిలబడ్డాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"చూడండి పెద్దాయనా, మేడం కేసు పెట్టలేదు. అదే పెద్ద విషయం. సెంటు కంపెనీవాళ్లు ఈ గొడవ మళ్లీ లేవొద్దంటున్నారు."

"కేసు గాదు సార్. ఆ యమ్మే చెయ్యి చాపిందని ఒక్క మాట..."

"సరే, సరే. ఎవరైనా అడిగితే మంచిగా ఒక మాట అనమని చెప్తాను. సరేనా?"

మా ఆయన అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. సందులోంచి బయటికి వస్తూ, "అంటాదంట మాబీ, అంటాదంట" అన్నాడు. శ్రావణం తర్వాత ఆయన నవ్వడం అదే.

ఆమె వేదిక ఎక్కింది. రిబ్బను కత్తిరించింది. జనం అరుపులు ఆగలేదు. టీవీ వాళ్లలో ఒకతను మైకు పెట్టి ఆ వీడియో గురించి అడిగాడు. ఆమె గుండె మీద చేయి వేసుకుంది.

"నాకు ఎవరి మీదా కోపం లేదు. నలుపు, తెలుపు, ఆ మతం, ఈ మతం, ఇవేవీ నేను నమ్మను. నా దృష్టిలో అందరూ సమానమే. పాపం, పెద్దాయన. ఆయన్ని నేను ఎప్పుడో క్షమించేశాను."

జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఆమె అందరికీ చేయి ఊపింది.

ఆయనకు గోలలో సరిగా వినబడలేదు. "ఏమనింది పాపా? సెప్పిందా?"

ఇర్ఫానా వేదికవైపే చూస్తోంది.

"సెప్పు పాపా, ఏమనింది?"

"క్షమించిందంట నాయనా."

"ఏం జేసినానని?"

లింగప్ప ఆయన భుజం మీద చేయి వేసి, "పోనీలేన్నా, మంచి మాటే గదా అనింది. తిట్టలేదు గదా" అన్నాడు. లింగప్పది మంచి మనసు. నిజంగానే అది మంచి మాట అనుకున్నాడు.

బస్సులో పామిడి వచ్చేదాకా ఆయన కిటికీ పక్క కూర్చుని బయటికే చూశాడు. నేను ఆ మాటలే నెమరేసుకున్నాను. అందరూ సమానం అన్నప్పుడు ఆ అందరిలో మా ఆయన ఎక్కడున్నాడో నాకు కనబడలేదు. సమానం అనుకున్న మనిషి గురించయితే, నేను చాపాను, ఆయన పట్టుకున్నాడు, నేను బెదిరాను అని చెప్తారు. అందులో ఇద్దరికీ తప్పు లేదు. క్షమించాలంటే ఒకరు పైన కూర్చోవాలి, ఇంకొకరు తప్పు చేసి ఉండాలి. ఆమె పైన కూర్చుని ఈయన చేత తప్పు చేయించింది. ఆమెకు అది తెలిసే అనిందో, తెలియకనే అనిందో నాకు తెలియదు. భయపడింది ఒక్క రోజు. ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవడానికి ఆమెకు చాలా రోజులు ఉన్నాయి.

అంతవరకు ఊర్లో సగం మంది మా పక్కన మాట్లాడేవాళ్లు. కలీముల్లాను మాకు తెలీదా, అంతా పొరపాటు అని హోటల్లో వాదించేవాళ్లు. ఆమె క్షమించాక వాదించాల్సిన పని ఎవరికీ లేకపోయింది. అందరూ ఆయనతో మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టారు. "వదిలెయ్ కలీమన్నా, ఆ యమ్మే వదిలేసింది గదా" అనేవాళ్లు. మొదట్లో ఆయన చెప్పబోయేవాడు. "వదిలేసేకి నేనేం జేసినానప్పా" అంటే, "అయిపోయిన దానికి ఇప్పుడెందుకులే" అని లేచిపోయేవాళ్లు.

శుక్రవారం పెట్టె తెరిచి కూర్చుంటే వచ్చేవాళ్లు వచ్చారు. చేయి మాత్రం చాపలేదు. "ఆ పుల్ల ఇట్లియ్యి, నేనే పూసుకుంటాలే" అని వాళ్లే తీసుకునేవాళ్లు. ఆడవాళ్లు అసలు ఆ పక్కకే రాలేదు. ఒక పెళ్లివారి ఆడబిడ్డ, ఎప్పటి నుంచో మా దగ్గరే కొనేది, దూరం నుంచే సలాం చెప్పి పోయింది. ఆ సాయంత్రం ఆయన పెట్టె మూసి మంచం కిందికి తోశాడు. మళ్లీ తీయలేదు.

సెంటు యాడ్ వచ్చింది. టీవీలో వచ్చింది, బస్టాండులో పెద్ద బోర్డు కూడా పెట్టారు. పగుళ్లిచ్చిన నేల, వాన, ఆమె మొహం. మా సంత వెనకాల మసకగా కనిపిస్తుంది. మా ఆయన కూర్చున్న పక్కను కోసేశారు. ఇర్ఫానా ఫోన్లోంచి ఆమె ఫోటోలు తీసేసింది. తన ఫోటోలు కూడా తీసేసింది. ఎందుకే అంటే, "బాగలేవులే అమ్మా" అంది. వాళ్ల నాయన ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఊరివాళ్ల మాటలన్నీ ఒక ఎత్తయితే ఆయనకు ఆ ఒక్కటి ఒక ఎత్తు అయింది. ఆ తర్వాత అన్నం ముందర కూర్చోవడమే గానీ తినడం లేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, నేను నీళ్ల బిందె దించి లోపలికి వచ్చేసరికి మంచం పట్టె మీద తల వాల్చి ఉన్నాడు. పిలిచాను. చేయి చల్లగా ఉంది. గుండె ఆగిపోయింది అన్నాడు డాక్టరు.

స్నానం చేయించి గుడ్డ కప్పాక జమాల్ బాషా బయటికి వచ్చాడు. మా వాడలో చనిపోయినవాళ్ల మయ్యిత్తులకు స్నానం చేయించేది ఆయనే. "ఏ అత్తరు పెడ్దాం మాబీ?" అని అడిగాడు. పోయినవాళ్ల గుడ్డకు అత్తరు రాయడం మా ఆచారం. ఇన్నేళ్లుగా ఊర్లో ఎవరు పోయినా ఆ సీసా ఇచ్చింది మా ఆయనే. నేను పెట్టె లాగి గులాబీ సీసా తీశాను. చాలా కాలం తెరవక మూత బిగుసుకుపోయింది. నా వల్ల కాలేదు. జమాల్ బాషా గుడ్డతో పట్టుకుని తిప్పి తీశాడు.

నలభయ్యో రోజు ఫాతెహాకు దగ్గరివాళ్లు వచ్చారు. అందరూ తిని పోయాక గంగక్క ఉండిపోయింది. గిన్నెలు తోమి బోర్లించింది. అలసిపోయి ఉంటావు కూర్చో అని నన్ను కూర్చోబెట్టి, నా వీపు నిమిరింది. షూటింగు రోజు నా పక్కనే వెనక వరసలో నిలబడిన మనిషి. నాతోపాటే చూసిన మనిషి. ఇర్ఫానా గడప దగ్గర కూర్చుని ఉంది.

"ఏడవగాకు మాబమ్మా" అంది గంగక్క. తనే ఏడుస్తోంది. "మంచోడు, మీ ఆయన మంచోడు. ఏదో ఆ పొద్దు అట్ల జరిగిపాయె. అంత పెద్ద మనిషి, ఆ యమ్మే మన్నించింది గదా. ఇంక దేవుడు మన్నించడా సెప్పు?"

నువ్వూ చూసినావు కదా గంగక్కా అనాలనుకున్నాను. గంగక్క మొహం చూశాను. చూసిన సంగతి ఆమెకు గుర్తు లేదు. ఆ వీడియోనే గుర్తుంది.

నేను అవునన్నట్టు తల ఊపాను.

ఇర్ఫానా నన్ను చూసింది. లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.